సగం విన్న వకీలు కథ

నాకు ఒక్క వకీలు మీదే నమ్మకం కుదిరింది. ఆయన్ని నేను కళ్ళతో చూడలేదు. ఆయన అమెరికావాడు, మా అమ్మమ్మ పుట్టకముందే కాలం చేశాడు. ఆయన మాట పట్టుకొని నేనొక పంచాయితీలో నిలబడ్డాను. గెలిచావా ఓడావా అని అడిగితే ఇప్పటికీ చప్పున చెప్పలేను. నాకు చదువు పేరు రాసుకునేంత వరకే, అందుకని నోటితో చెబుతున్నాను. నా గొంతు మొరటు, మాట కూడా అంతే.

మా ఆయన యూనివర్సిటీలో తోటమాలి. తార్నాక వైపు నుంచి లోపలికి వస్తే చెట్ల వెనక పనివాళ్ళ క్వార్టర్ల వరస ఉండేది. చివరిది మాది. ఒక గది, ముందు చిన్న వసారా. అందులో మా ఆయన, నేను, మా అత్త, మరిది. అరవైల చివర్లో ఒక వానాకాలం ఆయనకు కామెర్లు వచ్చాయి. అడిక్‌మెట్‌లో ఎవరో పసరు పోస్తారంటే ముందు అక్కడికి తీసుకుపోయారు. తర్వాత దవాఖానకు తీసుకుపోతే, ఇంత ఆలస్యంగానా తెచ్చేది అన్నారు. మాకు పిల్లలు లేరు.

ఆయన పోయాక ఇంట్లో మొదట కదిలింది అత్త మంచం. అంతకుముందు వసారాలో గోడవారగా ఉండేది. దాన్ని తెచ్చి తలుపుకు అడ్డంగా వేసుకుంది. గాలి కోసమని చెప్పింది. ఆ రోజునుంచి నేను నీళ్ళకు పోవాలన్నా, చెట్ల చాటుకు పోవాలన్నా ఆమెను లేపాలి. ఆమె లేచి కూర్చుంటుంది, మంచం జరుపుతుంది, నేను వచ్చేదాకా అట్లాగే కూర్చుంటుంది. తర్వాత మరిది తలుపుకు బయటినుంచి కొత్త గొళ్ళెం బిగించాడు. లోపలి గొళ్ళెం ఊడిపోయి ఎంతో కాలమైంది, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. క్వార్టర్ పోయినవాడి పేరు మీద ఉంది. ఆ పేరుకు మిగిలిన మనిషిని నేను. మా కులంలో మారుమనువు ఉంది, నాదా చిన్న వయసు. నేను ఎవడి వెంటో పోతే, లేకపోతే మా ఊరికి పోతే, ఆఫీసు వాళ్ళు వచ్చి ఈ ముసలామెను, ఆమె కొడుకును బయట పెడతారు. మరిది ముషీరాబాద్‌లో కట్టె డిపోలో మొద్దులు మోసేవాడు, పని ఉన్న రోజు ఉండేది, లేని రోజు లేదు. అందుకని నన్ను కాపలా కాశారు. నేను ఎటు పోతాను? మా ఊళ్ళో తమ్ముడికి ఒక గుడిసె, అందులో వాడి పెళ్ళాం, పిల్లలు. ఇదంతా నాకు తెలుసు. అయినా ఆ మంచం దాటేటప్పుడు ప్రతిసారీ ఊపిరి ఆడేది కాదు.

పగలు తార్నాకలో ఒక సారు ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చేదాన్ని. అత్త సడక్ దాకా వచ్చి నన్ను దాటించి తిరిగి పోయేది. పని అయ్యేసరికి మళ్ళీ అక్కడే నిలబడి ఉండేది. ఆ ఇంటి పెరట్లో మాత్రం నన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే గిన్నెలు నెమ్మదిగా తోమేదాన్ని.

ఆ సారుది వరంగల్ వైపు. యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే, పెద్ద చదువు కోసం ఏదో పుస్తకం రాసేవాడు. పాత కాలంలో అమెరికాలో ఒక చిన్న ఊరి వకీలు ఉండేవాడట, తర్వాత రాజకీయాల్లోకి పోయాడట, ఆయన జీవితమంతా రాయాలి. రాసిందల్లా పై సారుకు చూపిస్తే, సంచి బోర్లించినట్టుంది, తలా తోకా తెలియడం లేదని తిప్పి పంపాడు. ఏమీ తెలియని మనిషికి నోటితో చెప్పి చూడు, ఆ మనిషి ఎక్కడ అడ్డం పడి అడిగితే అక్కడ నీకూ అర్థం కాలేదని లెక్క అన్నాడట.

సారు ముందు వాళ్ళావిడకు చెప్పబోయాడు. నేను పెరట్లో వింటూనే ఉన్నాను. ఆ అమ్మ నవ్వుతూనే చేతులెత్తేసింది.

"పెండ్లయినకాడినుంచి ఆ ముసలాయన్నే వింటున్న. నీకన్న ఆయన సంగతులే నాకు ఎక్కువ ఎరుక. ఇగ నాతోని కాదు. పోయి ఆ గిన్నెలకు చెప్పుకో."

సారు నిజంగానే పెరట్లోకి వచ్చాడు. బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు. నేను కొంగు సర్దుకొని లేవబోతే, నువ్వు నీ పని చేసుకోమ్మా, చెవులు ఇటు పెడితే చాలు అన్నాడు. అట్లా మొదలైంది. మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి అన్నం తిని బండ మీద కూర్చునేవాడు, నేను బూడిద పెట్టి రుద్దుతూ వినేదాన్ని. అమ్మ వంటింట్లోంచి, మీ అమెరికా ముసలాయన అన్నం తిన్నడా అని కేక వేసేది.

ఆ ఊరిని నేను మా ఘట్‌కేసర్ లాగా ఊహించుకున్నాను. ఒక బజారు, ఒక కోర్టు కచేరీ, గింజలమ్మే దుకాణం ఒకటి, ఆ దుకాణం పైన మెట్లెక్కి పోతే వకీలు గది. వకీలుకు నేను నల్ల షేర్వానీ తొడిగాను, నెత్తిన ఎర్ర రూమీ టోపీ పెట్టాను. చిన్నప్పుడు నేను చూసిన వకీలు అట్లాగే ఉండేవాడు. సారు ఒకసారి ఫోటో తెచ్చి చూపించాడు. గడ్డం ఉంది, మీసం లేదు, నిద్రపోనట్టు కళ్ళు. నేను ఫోటోను ఒప్పుకోలేదు, టోపీనే ఉంచుకున్నాను.

ఆయన తండ్రి గుర్రాలకు జీనులు కుట్టేవాడట. నేను అక్కడ అడ్డం పడ్డాను. తోలు కుట్టేవాడి కొడుకు వకీలయితే ఊళ్ళో వాళ్ళు ఊరుకున్నారా అని అడిగాను. అక్కడ మన తీరు కులం లేదని సారు చెప్పాడు. మరి ఎవరూ ఏమీ అనలేదా అంటే కాసేపు ఆలోచించి, అన్నారు, వేరే తీరుగా అన్నారు అన్నాడు. ఆ రోజు ఇంట్లోకి పోయి ఏదో రాసుకున్నాడు.

ఆ పిల్లవాడు ఒక పెద్ద వకీలు దగ్గర చేరి, గది ఊడ్చి, పొయ్యి రాజేసి, పెద్దాయన కాగితాలకు నకళ్ళు రాస్తూ చట్టం నేర్చుకున్నాడు. తర్వాత సొంతంగా గది పెట్టాడు. అప్పట్లో అక్కడ జడ్జిగారు గుర్రబ్బండి మీద ఊరూరా తిరిగేవాడట, వకీళ్ళు ఆయన వెంట తిరిగేవాళ్ళట. పగలంతా కోర్టులో ఒకరినొకరు తిట్టుకొని సాయంత్రం ఒకే బల్ల మీద అన్నం తినేవాళ్ళట. మా కులపెద్దలూ అంతేనని చెప్పాను. కల్లు కాంపౌండులో వాళ్ళను చూస్తే పొద్దున కొట్లాడింది వీళ్ళేనా అనిపిస్తుంది.

ఇక గుర్రం కేసు సంగతి. నా కథంతా దాని మీదే నడిచింది కాబట్టి దాన్ని సరిగ్గా చెప్పాలి. ఒక పేద రైతు గుర్రాన్ని కొన్నాడు. తీరా చూస్తే దానికి ఒక కన్ను గుడ్డి. అమ్మినవాడు ఊరికి మోతుబరి, వాడికి పెద్ద వకీలు. ఆ పెద్ద వకీలు లేచి, గుర్రం ముసలిదని కొనేవాడికి తెలుసు కదా అన్నాడు. మన వకీలు లేచి, తెలుసు, ఒప్పుకుంటున్నాం అన్నాడు. అది కరుస్తుందని తెలుసు కదా. ఒప్పుకుంటున్నాం. రైతే చూసుకొని బేరమాడాడు కదా. ఒప్పుకుంటున్నాం. ఇట్లా అన్నీ ఒప్పుకుంటూ పోయాడు. రైతు ఏడుపు మొహం పెట్టాడు, ఈ వకీలు నా కొంప ముంచాడనుకున్నాడు. అన్నీ అయిపోయాక మన వకీలు ఒకే మాట అడిగాడు. ఈ గుర్రానికి రెండు కళ్ళూ కనిపిస్తాయని మీరు చెప్పారా, లేదా? చెప్పానని మోతుబరి ఒప్పుకోక తప్పలేదు, సాక్షులున్నారు. కేసు అక్కడే తేలిపోయింది.

"గదే ఆయన పని తీరు. అన్నీ ఒప్పుకోవాలె. ఒక్కటి పట్టుకోవాలె. ఆ ఒక్కటి మాత్రం ప్రాణం పోయినా విడువద్దు," అన్నాడు సారు.

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. రెండు చేతులూ బూడిదతో అట్లాగే ఉన్నాయి. నాకూ పట్టుకోవలసింది ఒకటి ఉంది మరి.

అదేమిటంటే, మా ఆయన పోయినందుకు ఇంట్లో ఒకరికి పని ఇస్తామని యూనివర్సిటీ ఆఫీసులో చెప్పారు. రెండు దారులు చూపించారు. నేను సరేనంటే మా మరిది తోటమాలిగా చేరవచ్చు, క్వార్టర్ అతని పేరు మీదికి పోతుంది. లేదా నేనే ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేరవచ్చు. ఆయాకు హాస్టల్ వంటగది వెనక ఒక చిన్న గది ఉంది. ఆ గది తీసుకుంటే మాత్రం క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆఫీసులో పెద్దాయన మంచివాడే, కానీ గొడవలంటే భయపడేవాడు. మీ ఇంట్లో మీరు తేల్చుకొని రండి, నా నెత్తికి తేవద్దు అన్నాడు.

నేను ఒకసారి నీళ్ళ మిషతో పోయి ఆ గది చూసి వచ్చాను. మంచం పడితే మనిషి పక్కకు తిరిగి నడవాలి, అంత చిన్నది. పైన ఒక చిన్న కిటికీ. తలుపు వెనక ఇనుప గొళ్ళెం, లోపలి వైపు. దాన్ని వేసి చూశాను, తీసి చూశాను. బరువుగా, మంచిగా పడింది. ఆ చప్పుడు చెవిలో పెట్టుకొని ఇంటికి వచ్చాను.

ఇంట్లో మాట ఎత్తగానే మరిది నా వైపు చూడకుండా అన్నం తిన్నాడు. అత్త మాత్రం ఆ రోజునుంచి నన్ను సడక్ దగ్గర వదలడం మానేసి సారు ఇంటి గేటు దాకా రావడం మొదలుపెట్టింది. కులపెద్దల్లో పెడదామని మరిది అన్నాడు. నేను సరేనన్నాను. నా దగ్గర వకీలు ఉన్నాడు, నాకేం భయం?

అప్పుడే యూనివర్సిటీ మూతపడింది. ఆ యేడాది సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. తెలంగాణ కావాలని పిల్లల ఊరేగింపులు, పోలీసు లారీలు, రాళ్ళు, పొగ. హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. హాస్టల్ మళ్ళీ తెరిచేలోగా మీరు తేల్చుకొని రావాలి, తర్వాత ఆ పని ఇంకొకరికి పోతుందని ఆఫీసు పెద్దాయన కబురు పెట్టాడు. సారు ఇంట్లోనే ఉండేవాడు, కానీ కథ ఆగిపోయింది. కోర్టుల ముచ్చట అయిపోయింది, ఇక వకీలు రాజకీయాల్లోకి పోవడం చెప్పాలి. దానికి కావలసిన పుస్తకాలు లైబ్రరీలో ఉండిపోయాయి, లైబ్రరీకి తాళం. తర్వాత ఏమయిందని అడిగితే, నాకే సరిగ్గా తెలియదమ్మా, తాళం తీయనీ అన్నాడు. నేను పట్టించుకోలేదు. నాకు కావలసింది దొరికిందనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున పంచాయితీ పెట్టారు. రామంతాపూర్ పోయే దారిలో మా కులం వాళ్ళ రేకుల షెడ్డు ఉండేది, అక్కడ. ఊరినుంచి మా తమ్ముడిని పిలిపించాను. మా పద్ధతిలో ఆడమనిషి తరఫున పుట్టింటి మగమనిషి మాట్లాడాలి. వాడు బస్సు దిగి నడుస్తూ దారి పొడుగునా నాకు నేర్పుతూ వచ్చాడు.

"అక్కా, గంటె కాడినుంచి మంచం దాకా అన్నీ అడుగు. సైకిల్ అడుగు, కడియాలు అడుగు, ఇల్లు అడుగు, పని అడుగు. పెద్దమనుషులు సగం కోస్తరు. కోసినంక మిగిలిందే నీది. తక్కువ అడిగితే కోసుటానికి ఏముంటది?"

వాడు చెప్పింది నిజమే. మా పంచాయితీల్లో ఎవరికీ అన్నీ రావు, ఎవరికీ ఏమీ రాకుండానూ పోదు. రెండు పక్కలా లేనిదీ ఉన్నదీ కలిపి గట్టిగా అడుగుతారు. పెద్దలు ఇటు కొంత, అటు కొంత కోసి మధ్యలో పెడతారు. ఇద్దరూ సగం మొహంతో ఇంటికి పోతారు. పుట్టినప్పటినుంచి చూస్తున్నదే. అయినా ఆ పొద్దున నాకు అది మొరటు పద్ధతిగా తోచింది. వీళ్ళు బజారు బేరగాళ్ళు, నా వకీలు కోర్టులో నిలబడ్డ మనిషి అనుకున్నాను. నువ్వేం మాట్లాడకు తమ్ముడూ, నేనే చెప్పుకుంటానన్నాను. వాడికి అదే కావాలి, వాడికి నలుగురిలో నోరు పెగలదు.

పెద్దమనిషి ఒకప్పుడు మిల్లులో పనిచేసినవాడు, నెత్తికి తువ్వాల చుట్టుకొని నడుమ కూర్చున్నాడు. తమ్ముడు మాట్లాడడంటే, సరే బిడ్డా, నువ్వే చెప్పు అన్నాడు. ముందు మరిది లేచాడు. పెళ్ళికి పెట్టిన వెండి కడియాలు అడిగాడు. నేను ఇస్తానన్నాను. అన్న సైకిల్ అన్నాడు. తీసుకో అన్నాను. మంచాలు, ఇత్తడి గిన్నెలు, నీళ్ళ కాగు. తీసుకో. ఊళ్ళో ఉన్న చారెడు జాగాలో అన్న భాగం. అదీ నాకు వద్దు.

ఒక్కొక్క మాటకూ షెడ్డులో మెచ్చుకోలు పెరిగింది. మంచి పిల్ల, ఆశలేని పిల్ల అని వెనకనుంచి ఎవరో అన్నారు. పెద్దమనిషి తల ఊపుతున్నాడు. నేను ఆ తల ఊపుడు చూసి లోపల పొంగిపోయాను. మోతుబరి ముందు మన వకీలు నిలబడ్డది ఇట్లాగే కదా అనుకున్నాను. మా తమ్ముడు మాత్రం నేల చూస్తూ పుల్లతో గీతలు గీస్తున్నాడు.

అన్నీ అయిపోయాక గొంతు సవరించుకొని చెప్పాను. "అన్ని ఒప్పుకున్న. నాకు ఒక్కటే కావాలె. హాస్టల్ల పని నేను చేస్త, గాడ గదిల నేను ఉంట. గిది మాత్రం విడువ."

పెద్దమనిషి నవ్వాడు, కోపంగా కాదు, పిల్లను చూసి నవ్వినట్టు.

"అన్ని ఇచ్చిన చెయ్యి. గిదొక్కటి కాడికి వచ్చినంక ముడుసుకుంటవేంది బిడ్డా?"

అప్పుడు అత్త లేచింది. అప్పటిదాకా ఆడవాళ్ళలో మూలకు కూర్చుంది. ఏడవలేదు.

"నా పెద్దకొడుకు పోయిండు. గీ పిల్ల గాడ గది తీసుకుంటే మమ్ముల ఎల్లగొడ్తరు. నేను ఏడ ఉండాలె? చెప్పుండ్రి, ఆడికే పోత."

గుర్రం కేసులో మోతుబరికి ముసలి తల్లి లేదు.

పెద్దలు లేచి పక్కకు పోయి తమలో తాము మాట్లాడుకున్నారు. వచ్చి కూర్చున్నారు. నేను ముందు ఇచ్చేసినవన్నీ అప్పటికే లెక్కలోంచి పోయాయి. వాటిని నా వైపు త్యాగంగా ఎవరూ తూకంలో వేయలేదు. వాళ్ళ ముందు మిగిలింది ఒక్కటే, నా గది, నా పని. కోయడానికి ఇక అదే ఉంది. కోశారు.

"పని నీది బిడ్డా. ఎవలు అడ్డం రారు. హాస్టల్ల గది మాత్రం వద్దు. కోటరు నీ పేరు మీద ఉండాలె, అత్త నీ కాడ ఉండాలె, మరిది ఇల్లు చూసుకునేదాంక ఆడనే ఉండాలె. ఇద్దరికి నాయం జరిగె."

మరిది ఒప్పుకున్నాడు, నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను, పొద్దుటినుంచి నా నోటికి ఒప్పుకోవడమే అలవాటయింది. మగవాళ్ళు కల్లుకు బయలుదేరారు. మరిది నా పక్కగా పోతూ ఆగాడు. "వదినే, సైకిల్ ఏమన్న గావాల్నా? తొక్కుకుంట హాస్టల్‌కు పోతవా?" అన్నాడు. వెక్కిరించాడో, నిజంగా ఇవ్వబోయాడో తెలియదు. తమ్ముడు బస్సెక్కేదాకా నాతో మాట్లాడలేదు. ఎక్కాక కిటికీలోంచి, గంటెన్నా అడగకపోతివి అన్నాడు.

అంతా సారుకు చెప్పాను. ఆయన బండ మీద కూర్చొని విన్నాడు. వాళ్ళావిడ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. ఆ రోజు ఆమె ముసలాయన మీద జోకు వేయలేదు. గిన్నెలు నేను కడుగుతా, నువ్వు కూర్చో అంది. నేను కూర్చోలేదు.

కొన్నాళ్ళకు లైబ్రరీ తెరిచారు. సారు పుస్తకాలు తెచ్చుకున్నాడు. అప్పటికే హాస్టల్ కూడా తెరిచారు, నేను పనిలో చేరాను. సెలవు రోజు పొద్దున మాత్రం ఆ ఇంట్లో గిన్నెలు తోమి వచ్చేదాన్ని. అప్పుడు మిగతా కథ చెప్పాడు.

మన వకీలు ఎన్నికల్లో నిలబడి గెలిచాడట. వాళ్ళ రాష్ట్రం అసెంబ్లీకి పోయాడు. అక్కడ ఆయనకు కావలసింది ఒక్కటే. తన ఊళ్ళో పిల్లలకు బడి. అసెంబ్లీలో లేచి, కోర్టులో మాట్లాడినట్టే మాట్లాడాడు. ఫలానా ఊరికి రోడ్డు కావాలి, ఒప్పుకుంటాను. ఫలానా ఊరికి వంతెన కావాలి, ఒప్పుకుంటాను. కచేరీ పక్క ఊరికే పోనివ్వండి, ఒప్పుకుంటాను. నాకు బడి ఒక్కటి ఇవ్వండి. వాళ్ళంతా చప్పట్లు కొట్టి రోడ్లు, వంతెనలు, కచేరీలు తీసుకున్నారు. బడి సంగతి వచ్చేసరికి, బేరమాడడానికి ఆయన చేతిలో ఏమీ మిగల్లేదు. కట్టడం ఇచ్చారు. పంతులును ఇవ్వలేదు.

"కోర్టుల జడ్జి ఉంటడమ్మా. ఎవరు ఎంత వదులుకున్నరని చూడడు, ఏది నిజమని చూస్తడు. అసెంబ్లీల జడ్జి ఉండడు. అందరూ కొనేటోళ్ళే, అమ్మేటోళ్ళే," అన్నాడు సారు.

"గీ సగం ముందుగాల చెప్తే ఏమయ్యేది సార్?"

ఆయన తల దించుకున్నాడు. అది తర్వాతి చాప్టర్ అమ్మా, అప్పటికి రాయనే లేదు అన్నాడు.

నాకు ఆయన మీద కోపం లేదు. ఎక్కడినుంచి వస్తుంది? నేను పోయింది రేకుల షెడ్డుకు, కోర్టుకు కాదు. అక్కడ జడ్జి లేడని నాకు పుట్టినప్పటినుంచి తెలుసు. తమ్ముడు చెప్పనే చెప్పాడు. మరి ఆ వకీలు ఏం చేశాడని అడిగాను. ఏం చేస్తాడు, ఆయనే పంతులయ్యాడన్నాడు సారు. మధ్యాహ్నం దాకా గింజల దుకాణం పైన వకీలు పని, తర్వాత బడిలో పిల్లలకు అక్షరాలు. పెద్ద పట్నంలో మంచి అవకాశం వచ్చినా పోలేకపోయాడట. ఎన్నికల్లో మళ్ళీ నిలబడలేదట. పుస్తకాలు రాసినవాళ్ళంతా ఇక్కడినుంచి ఆయన జీవితం ముగిసిపోయినట్టే రాశారని, ఆ బడి గురించి రెండు ముక్కలు రాసి వదిలేశారని సారు చెప్పాడు.

బడికి తాళం వేసి పోవచ్చు కదా అన్నాను. పిల్లలు ఉన్నారు కదమ్మా అన్నాడు.

ఆ జవాబు నేను అడగకపోయినా బాగుండేది. నాకూ వసారాలో ఒక ముసలామె ఉంది. క్వార్టర్ ఇప్పుడు నా పేరు మీద ఉంది. నేను పోతే ఆమె సడక్ మీద పడుతుంది. మంచం అడ్డం వేసినప్పుడన్నా ఒక రోజు దాన్ని తోసుకొని పోదామన్న ఆశ ఉండేది. ఇప్పుడు ఆమెను నిలబెట్టే గోడ నేనే అయ్యాను. గోడ ఎట్లా లేచి పోతుంది?

మరిది ఇల్లు చూసుకోలేదు. పెళ్ళి చేసుకొని భార్యను ఆ గదికే తెచ్చాడు. నడుమ చీర కట్టాం. వాళ్ళకు పిల్లలు పుట్టారు. నా జీతం అత్త చేతికి పోయేది, ఆమె నాకు తాంబూలానికి, చీరకు ఇచ్చేది. పంచాయితీ మాట ఎవరూ తప్పలేదు. నేను కూడా తప్పలేదు. ఆ మాట మా అత్త బతికున్నంతకాలం నిలబడింది, ఆమె చాలా కాలం బతికింది.

హాస్టల్లో ఆ గదిని ఉల్లిగడ్డలకు వాడేవాళ్ళు. కిటికీ కింద గోనె సంచులు. పిల్లల మధ్యాహ్నం భోజనాలు అయ్యి, గంగాళాలు కడిగి బోర్లించాక కాసేపు తీరిక ఉండేది. మిగతా ఆయాలు వరండాలో కొంగు పరుచుకొని పడుకునేవాళ్ళు. నేను ఉల్లిగడ్డల గదిలోకి పోయి లోపల గొళ్ళెం వేసుకునేదాన్ని. మేట్రన్‌కు తెలుసు, ఏమీ అనేది కాదు. నిద్రపోవడానికి కాదు. ఉల్లిగడ్డల ఘాటుకు నిద్ర ఎట్లా వస్తుంది? ఊరికే సంచి మీద కూర్చునేదాన్ని. ఒక్కోసారి వకీలు ఎదురుగా ఇంకో సంచి మీద కూర్చున్నట్టు ఉండేది, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకొని. ఇద్దరికీ మాట్లాడుకునేది ఏమీ లేదు. ఆయన కూడా సగమే తెచ్చుకున్నవాడు.

తర్వాత నా చేతులతో నేనే గొళ్ళెం తీసి బయటికి వచ్చేదాన్ని.

సాయంత్రం చెట్ల కింద నడిచి ఇంటికి పోతే, తలుపు దగ్గర అత్త మంచం మీద లేచి కూర్చునేది. వచ్చినవా అనేది. వచ్చిన అత్తా అనేదాన్ని. మంచం జరిపేది, నేను లోపలికి పోయేదాన్ని, మళ్ళీ దాన్ని అడ్డంగా జరుపుకునేది.